మా నాయనకు చెప్పొద్దు, డాక్టరుగారూ



ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. పలమనేరు పక్కన ఒక పల్లె అనుకోండి. ఇంటిపెద్దకు అరవై రెండేళ్ళు. నాలుగు ఎకరాల మామిడితోట, రెండు పాడి ఆవులు. కొన్ని నెలలుగా దగ్గు. కళ్ళెలో అప్పుడప్పుడు నెత్తుటి చార. ఎక్స్-రే తీస్తే ఊపిరితిత్తి మీద మచ్చ కనిపించింది. క్షయ అనుకొని మందులు మొదలుపెట్టారు. మచ్చ తగ్గలేదు, మనిషి తగ్గిపోయాడు. పెద్దకొడుకు ఆయన్ను బస్సెక్కించి రాయవేలూరు తీసుకుపోయాడు. అక్కడ ముక్క పరీక్ష చేశారు. ఫలితం వచ్చిన రోజు కొడుకు తండ్రిని బయట బల్ల మీద కూర్చోబెట్టి, తానొక్కడే డాక్టరు గదిలోకి పోయాడు. కుర్చీలో కూర్చోకముందే చేతులు జోడించాడు.

"సార్, ఏ జబ్బయినా కానీండి, మా నాయనకు మాత్రం చెప్పొద్దు సార్. వింటే తట్టుకోలేడు. మీరు ఏ వైద్యం చేయించమంటే అది చేయిస్తాం."

ఈ కొడుకు చెడ్డవాడు కాడు. అవసరమైతే తోట అమ్మడానికైనా సిద్ధపడిన కొడుకు. మన విచారణల్లో ఇలాంటి కొడుకులు, కూతుళ్ళు చాలామంది ఉన్నారు. బహుశా ఈ పత్రిక చదువుతున్న మీరే ఎప్పుడో ఒకనాడు ఈ మాట అని ఉండవచ్చు. అందుకే ఈ వారం ఈ మాట గురించే మీతో కలిసి ఆలోచించాలనుకుంటున్నాను. దానిలో రెండు భాగాలున్నాయి. ఒకటి, "చెప్పొద్దు". రెండోది, "మీరు ఏది చేయించమంటే అది". పైకి రెండూ ప్రేమగానే వినిపిస్తాయి. కాని వైద్యుడు వైద్యాన్ని ఎలా ఎంచుకుంటాడో తెలిస్తే, మొదటి మాట రెండో మాటకు అడ్డుపడుతోందని మనకు అర్థమవుతుంది.

వైద్యుడు చూసేది ఏమిటి?

మొదటిది, జబ్బు ఏదో తేల్చుకోవడం. మన ప్రాంతానికి ఊపిరితిత్తుల వ్యాధి కొత్తది కాదు. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం ఎన్ని వేలమంది క్షయరోగులకు ఆశ్రయమిచ్చిందో మన పెద్దలకు తెలుసు. క్షయకూ క్యాన్సర్‌కూ దగ్గు ఒకటే, బరువు తగ్గడం ఒకటే, నెత్తురు పడడం ఒకటే, ఎక్స్-రేలో మచ్చ కూడా ఒకేలా కనిపిస్తుంది. అందుకే మన దేశంలో ఎందరికో క్యాన్సర్ అని తేలకముందు క్షయ మందులతో నెలలు గడిచిపోతాయి. మచ్చను చూసి క్యాన్సర్ వైద్యం మొదలుపెట్టకూడదు. చిన్న ముక్క తీసి పరీక్షించాలి. "ముక్క తీస్తే జబ్బు పాకుతుంది" అన్న భయంతో చాలామంది ఈ పరీక్షను తప్పించుకుంటారు. ఆ భయం వల్ల పోయే కాలమే ఎక్కువ నష్టం చేస్తుంది.

ముక్కను చూసి ఏ రకం క్యాన్సరో చెబుతారు. చిన్న కణాల రకం వేగంగా పాకుతుంది. దానికి సాధారణంగా ఆపరేషన్ చేయరు, కీమో మందులు, రేడియేషన్ ఇస్తారు. నూటికి సుమారు 85 మందికి వచ్చేది రెండో రకం. అందులో మళ్ళీ ఉపరకాలున్నాయి.

రెండోది, ఎంత దూరం పాకిందన్నది. దీన్ని నాలుగు దశలుగా లెక్కిస్తారు. మొదటి రెండు దశల్లో ఆ భాగాన్ని కోసి తీసివేయడం మంచి మార్గం. ఆపరేషన్‌కు ఒళ్ళు ఓర్చుకోలేనివారికి, మనవాళ్ళు "కరెంటు పెట్టడం" అనే రేడియేషన్‌ను గురిచూసి ఇస్తారు. మూడో దశలో చాలామందికి కీమో, రేడియేషన్ కలిపి ఇస్తారు. నాలుగో దశలో జబ్బు ఎముకలకో, మెదడుకో, కాలేయానికో చేరి ఉంటుంది. అక్కడ గురి మారుతుంది. పూర్తిగా నయం చేయడం అరుదు. ఆయుష్షును పొడిగించడం, బాధను తగ్గించడం ముఖ్యమవుతాయి.

మూడోది, కణంలోని మార్పులు. గెఫిటినిబ్ అనే మాత్ర సంగతి చూడండి. ఈజీఎఫ్ఆర్ అనే జన్యువులో ఒక మార్పు ఉన్నవారికి ఇది కీమో కన్నా బాగా పనిచేస్తుందనీ, ఆ మార్పు లేనివారికి కీమో కన్నా తక్కువగా పనిచేస్తుందనీ 2009లో ఆసియా దేశాల రోగులపై జరిగిన పెద్ద పరిశోధన చూపించింది. ఎన్నడూ బీడీ ముట్టనివారిలో, ముఖ్యంగా ఆడవారిలో, ఈ మార్పు ఎక్కువగా కనిపిస్తుంది. కాబట్టి "పక్క ఊరి ఆయనకు మాత్రలతోనే తగ్గింది, మాకు సూదిమందు ఎందుకు?" అని డాక్టరుతో వాదించే ముందు ఒక్క క్షణం ఆగండి. జబ్బు పేరు ఒకటే అయినా జబ్బు ఒకటి కాదు.

నాలుగోది, ఒంట్లో సత్తువ. దీనికి వైద్యులు సున్నా నుంచి నాలుగు వరకు ఒక కొలత వాడతారు. ఎప్పటిలా అన్ని పనులూ చేసుకునేవారికి సున్నా. బరువు పనులు చేయలేకపోయినా తేలిక పనులు చేసుకునేవారికి ఒకటి. తన పని తాను చూసుకుంటూ, వేరే పని చేయలేక, పగటిపూట సగానికి పైగా లేచి తిరిగేవారికి రెండు. సగానికి పైగా మంచం మీదో కుర్చీలోనో గడిపేవారికి మూడు. పూర్తిగా మంచాన పడినవారికి నాలుగు. మూడు, నాలుగు దగ్గర ఉన్నవారికి గట్టి కీమో ఇస్తే సాధారణంగా మేలుకన్నా కీడే ఎక్కువ. దీంతోపాటు ఊపిరి ఎంత ఉంది, గుండె ఎలా ఉంది, మూత్రపిండాలు మందును తట్టుకుంటాయా, షుగరు ఉందా అని చూస్తారు.

ఈ సత్తువను కొలవడానికి యంత్రం లేదు. "పొద్దున లేచి పాలు పితకగలుగుతున్నారా? తోటదాకా నడిస్తే ఆయాసం వస్తుందా? పగలు ఎంతసేపు పడుకుంటున్నారు?" అని అడిగి తెలుసుకోవలసిందే. అప్పుడు కొడుకు అందుకొని, "బాగానే తిరుగుతున్నాడు సార్" అంటాడు. నిజం చెబితే వైద్యం చేయరేమో అని అతని భయం. తండ్రి తలవంచుకొని కూర్చుంటాడు. చూడండి, రోగి నోరు మూయించిన తొలి నష్టం ఇక్కడే మొదలైంది.

లెక్క తేల్చలేని చోటు

పెద్ద ఆసుపత్రుల్లో ఈ వివరాలన్నీ ముందు పెట్టుకొని ఆపరేషన్ చేసే వైద్యులు, మందులిచ్చే వైద్యులు, రేడియేషన్ వైద్యులు, ముక్క పరీక్షించేవారు కలిసి చర్చిస్తారు. జబ్బు మొదటి దశలో ఉండి, మనిషి దృఢంగా ఉంటే దారి దాదాపు స్పష్టంగా ఉంటుంది. కాని మన దేశంలో ఎక్కువమంది ఆలస్యంగా వస్తారు. అప్పుడు ఒకే దారి ఉండదు.

మన దేశంలోనే జరిగిన ఒక పరిశోధన చెబుతాను. ఇందాక చెప్పిన జన్యుమార్పు ఉండి, జబ్బు ముదిరిన 350 మందిని ముంబయిలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి వైద్యులు రెండు జట్లుగా చేశారు. ఒక జట్టుకు గెఫిటినిబ్ మాత్ర మాత్రమే ఇచ్చారు. రెండో జట్టుకు మాత్రతోపాటు కీమో కూడా ఇచ్చారు. 2019లో ఫలితాలు వెల్లడయ్యాయి. మాత్ర జట్టులో జబ్బు మళ్ళీ పెరగకుండా ఆగిన కాలం సుమారు 8 నెలలు. రెండూ తీసుకున్న జట్టులో 16 నెలలు. రెట్టింపు మేలు! కాని తీవ్రమైన దుష్ఫలితాలు కలిగినవారు మొదటి జట్టులో నూటికి 25 మంది అయితే, రెండో జట్టులో 51 మంది. అదీ రెట్టింపే.

ఇప్పుడు చెప్పండి. ఏది మంచి వైద్యం? పాఠకులారా, దీనికి ఏ పుస్తకంలోనూ జవాబు లేదు. ఒకాయన, "నా కూతురి పెళ్ళి వచ్చే ఏడాది. ఎంత బాధయినా పడతాను, అప్పటిదాకా నన్ను నిలబెట్టండి" అంటాడు. మరొకాయన, "ఇంట్లో ఉండి, మనవళ్ళతో ఆడుకుంటూ, నాలుక రుచి పోకుండా ఉన్నన్నాళ్ళు ఉంటే చాలు. ప్రతి మూడు వారాలకూ ఆసుపత్రికి తిరగలేను" అంటాడు. ఇద్దరి మాటా న్యాయమే. వైద్యుడు ఇద్దరికీ వేరువేరు వైద్యాలు ఎంచితే, ఆయన పని సరిగ్గా చేసినట్టే. జబ్బు గురించి వైద్యునికి తెలుసు. బతుకు గురించి రోగికి తెలుసు. ఈ రెండు తెలివిడులూ ఒకచోట కలిస్తేనే వైద్యం కుదురుతుంది. "నాయనకు చెప్పొద్దు" అన్నప్పుడు మనం వైద్యుని చేతిలోంచి తీసేసుకుంటున్నది ఈ రెండో తెలివిడినే.

"మేమున్నాం కదా, మా నాయన మనసు మాకు తెలియదా?" అంటారేమో. తెలుసు, కాని మన భయం కూడా అందులో కలిసిపోతుంది. 1982లో అమెరికాలో బార్బరా మెక్‌నీల్, ఆమె తోటి పరిశోధకులు ఒక పరీక్ష చేశారు. ఊపిరితిత్తుల క్యాన్సర్ వస్తే ఆపరేషన్ కోరుకుంటారా, రేడియేషనా అని వందలమందిని అడిగారు. కొందరికి, ఆపరేషన్ చేయించుకున్న నూరు మందిలో 90 మంది బతికి బయటపడతారని చెప్పారు. మరికొందరికి, నూరు మందిలో 10 మంది చనిపోతారని చెప్పారు. లెక్క ఒక్కటే. అయినా చావు మాట విన్నవారిలో ఆపరేషన్ కోరినవారు తగ్గిపోయారు. విచిత్రం ఏమిటంటే, అడిగినవారిలో వైద్యులు కూడా ఉన్నారు. వారి జవాబూ మాట తీరును బట్టి మారిపోయింది! చదువుకున్న వైద్యునికే ఇలా జరిగితే, గుండె దడదడలాడుతున్న కొడుకు సంగతేమిటి? అందుకే ఒక్కరి ఎంపిక చాలదు. రెండు వైపుల లెక్కా చెప్పమని డాక్టరును అడగడం తప్పు కాదు, అవమానమూ కాదు.

శ్రీసభ ఏమంటుంది?

కొందరు విశ్వాసులకు రెండు సందేహాలు. "మందులు మాని ప్రార్థనే చేస్తే చాలదా?" అనేది ఒకటి. "ఏ వైద్యమైనా వద్దనడం ఆత్మహత్యతో సమానం కాదా?" అనేది రెండోది. మొదటిదానికి, సీరా పుత్రుడైన యేసు జ్ఞానగ్రంథం 38వ అధ్యాయం చదవండి. వైద్యునీ మందునూ దేవుని కానుకలుగా చూడమనీ, అదే సమయంలో ప్రార్థన మానవద్దనీ బోధిస్తుంది. మొదటి దశలో నయమయ్యే జబ్బును స్వస్థత కూటాల చుట్టూ తిరుగుతూ నాలుగో దశకు తెచ్చుకోవడం విశ్వాసం కాదు.

రెండోదానికి, 1957 నవంబరులో మత్తు వైద్యులతో మాట్లాడుతూ 12వ పయస్ పాపుగారు ఒక గీత గీశారు. ప్రాణాన్ని కాపాడుకోవడానికి మామూలు సాధనాలను వాడుకోవడం మన బాధ్యత. మోయలేనంత భారమయ్యే అసాధారణ సాధనాలను వాడితీరాలన్న నియమం లేదు. 1980 మే 5న విశ్వాస సిద్ధాంత సంఘం వెలువరించిన ప్రకటన దీన్ని ఇంకా విడమరచింది. ఎలాంటి వైద్యం, అందులో ఎంత కష్టం, ఎంత ప్రమాదం, ఎంత ఖర్చు, దానివల్ల ఎంత ఫలితం, రోగి శరీరబలం ఎంత, మనోబలం ఎంత - వీటిని తూచి నిర్ణయించుకోమంది. పాఠకులారా, కాస్త పైకి వెళ్ళి వైద్యుడు చూసేవాటిని మళ్ళీ చదవండి. దాదాపు అవే! వైద్యశాస్త్రం ఒక దారినా, శ్రీసభ మరో దారినా నడిచి ఒకే తూకం దగ్గరికి వచ్చాయి. ఈ తూకంలో మనోబలం అనేది స్కానింగులో కనిపించదు. అది మనిషి నోటితోనే చెప్పాలి.

భారమైన వైద్యాన్ని మానుకోవడం ప్రాణం తీయడం కాదనీ, రోగికి తెలివి, శక్తి ఉన్నంతవరకు ఆ నిర్ణయం రోగిదేననీ కతోలిక శ్రీసభ సత్యోపదేశం 2278వ పేరాలో స్పష్టంగా ఉంది. కుటుంబం మీద మితిమీరిన ఖర్చు పడకూడదన్న కోరిక కూడా ఇందుకు న్యాయమైన కారణం కావచ్చునని 1980 ప్రకటన ఒప్పుకుంది. మన తోట, మన ఇల్లు అన్న ప్రశ్న వచ్చే చోట ఇది ముఖ్యం. కొడుకు అమ్మాలనుకున్న ఆ నాలుగు ఎకరాలు ఎవరివి? తండ్రి నాటిన చెట్లవి. రెండు మూడు నెలల ఆయుష్షు కోసం వాటిని అమ్మాలా వద్దా అన్న మాట ఆయనకు తెలియకుండా జరగడం న్యాయమేనా?

అయితే ఇక్కడ ఒక హెచ్చరిక. "నా కోసం ఖర్చెందుకు, నన్ను వదిలేయండి" అని పెద్దవాళ్ళు అన్న వెంటనే ఒప్పేసుకోకండి. నయమయ్యే దశలో ఆ మాట అంటే, అది తూచి చెప్పిన మాట కాదు, మనకు భారమవుతామన్న దిగులు. ముందు దారులన్నీ వెదకండి. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై, ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవగా నడుస్తున్న పథకంలో క్యాన్సర్ వైద్యం ఉంది. ప్రతి మందూ, ప్రతి పరీక్షా అందులోకి రావు. ఏది వస్తుందో, ఏది రాదో ఆసుపత్రిలో ముందే అడగండి. తిరుపతిలో 1993 నుంచి స్విమ్స్ ఉంది. టాటా ట్రస్టుల చేయూతతో శ్రీ వెంకటేశ్వర క్యాన్సర్ ఆసుపత్రి 2022 మే నెలలో అక్కడే మొదలైంది. చిత్తూరు నుంచి రాయవేలూరు గంట ప్రయాణం. దూరాభారం అన్న మాట మన జిల్లాకు ఒకనాటంత వర్తించదు.

నిజం చెబితే ఆశ చచ్చిపోతుందా?

ఇక అసలు భయానికి వద్దాం. "తెలిస్తే తట్టుకోలేడు." నిజమే, కొందరు కుంగిపోతారు. కాని మీ నాయనకు తెలియదనుకుంటున్నారా? ఆసుపత్రి బోర్డు ఆయన చదవగలడు. చదవలేకపోయినా పక్క బల్ల మీది రోగితో మాట్లాడగలడు. తాను లోపలికి రాగానే మాటలు ఆగిపోవడం, కోడలు కళ్ళు తుడుచుకోవడం ఆయన చూడలేడా? ఆయనకు తెలుసు. మీరు దాస్తున్నారని కూడా తెలుసు. మీరు బాధపడతారని ఆయనా దాస్తాడు. ఒకే ఇంట్లో ఇద్దరూ ఒకరికొకరు నటిస్తూ, ఇద్దరూ ఒంటరివాళ్ళవుతారు. తమ్ముడితో పొలం గట్టు తగాదా తీర్చుకోవాలని ఉంటుంది, అడగలేడు. గురువుగారిని పిలిపించుకోవాలని ఉంటుంది, పిలవలేడు. మనం కూడా వ్యాధిగ్రస్తుల అభ్యంగనాన్ని ఊపిరి ఆగిపోయే గడియకు వాయిదా వేస్తాం. అది చావుబతుకుల్లో ఉన్నవారికి మాత్రమే కాదని రెండవ వాటికన్ మహాసభ చెప్పి అరవై ఏళ్ళు దాటింది.

ఆశ చావదనడానికి ఒక దాఖలా చూపుతాను. అమెరికాలోని బోస్టన్‌లో ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న 151 మందిపై ఒక పరిశోధన జరిగింది. 2010లో ప్రచురించారు. సగం మందికి మామూలు క్యాన్సర్ వైద్యం చేశారు. మిగతా సగం మందికి ఆ వైద్యంతోపాటు మొదటి నుంచీ ఉపశమన వైద్యులను కూడా జత చేశారు. వాళ్ళు నొప్పి, ఆయాసం, దిగులు గురించి అడిగారు. జబ్బు సంగతి, ముందేమి కావచ్చునో, మీకేది ముఖ్యమో మాట్లాడారు. ఫలితం ఏమిటి? ఈ రెండో జట్టు వారు చివరి రోజుల్లో భారమైన వైద్యాలు తక్కువగా తీసుకున్నారు. దిగులు తక్కువగా ఉంది. ఆయుష్షు తగ్గిందా? లేదు, పెరిగింది. మామూలు జట్టులో 8.9 నెలలైతే, వీరికి 11.6 నెలలు. నిజం మాట్లాడడం వల్ల మనిషి త్వరగా పోలేదు.

నిజం చెప్పడమంటే తలమీద బండ వేయడం కాదు. అందరికీ ఒకే రోజు అంతా చెప్పనక్కరలేదు. మొదట అడగాలి: "నాయనా, డాక్టరు చెప్పేది నువ్వే వింటావా, మమ్మల్ని వినమంటావా?" కొందరు, "మీరే చూసుకోండి, నాకు చెప్పొద్దు" అంటారు. అది ఆయన కోరిక, దాన్ని మన్నించాలి. కాని ఆ మాట ఆయన నోటి నుంచి రావాలి, మన భయం నుంచి కాదు. వింటానంటే, పక్కన కూర్చొని, చేయి పట్టుకొని, ఆయన అడిగినంత చెప్పాలి. "నీకేది ఎక్కువ భయంగా ఉంది? ఏది చేయాలని ఉంది?" అని అడగాలి. ఆ జవాబులే డాక్టరుకు కావలసిన మందుచీటీలో సగం.

వైద్యం ఆగినా సేవ ఆగదు. నొప్పికి మందు అడగడం విశ్వాసలోపం కాదు. బాధను తగ్గించే మందులను శ్రీసభ ఎన్నడో సమ్మతించింది. ఉపశమన సేవను ప్రేమకు ప్రత్యేకరూపంగా చూస్తుంది. 2005 వసంతకాలంలో రెండవ జాన్ పాల్ పాపుగారు చివరి రోజుల్లో తిరిగి ఆసుపత్రికి వెళ్ళకుండా తన గదిలోనే ఉండిపోయారు. ఆయనే 1992లో వ్యాధిగ్రస్తుల ప్రపంచ దినాన్ని నెలకొల్పారు. ఏటా ఫిబ్రవరి 11న మన దేవాలయాల్లో దాన్ని జరుపుకుంటున్నాం. ఆ ఒక్కరోజుకు పండ్లు పంచి ఊరుకోకుండా, మంచాన ఉన్న ఒక్క మనిషి దగ్గర గంటసేపు కూర్చొని ఆయన చెప్పింది విందాం.

మళ్ళీ ఆ డాక్టరు గదికి వెళ్దాం. చేతులు జోడించిన కొడుకును డాక్టరు కూర్చోబెట్టి, ఇలా అన్నాడనుకోండి: "బాబూ, నీ బాధ నాకు తెలుసు. నేను నీకు చెప్పకుండా మీ నాయనకు ఏమీ చెప్పను. కాని నా దగ్గర రెండు దారులున్నాయి. ఏది మంచిదో నేను చెప్పాలంటే, ఆయనకు ఏది ముఖ్యమో నాకు తెలియాలి. అది నీకు తెలుసా?"

కొడుకు కాసేపు మాట్లాడలేదు. తరువాత లేచి, తలుపు తీసి, "నాయనా, లోపలికి రా" అన్నాడు.

పాఠకులారా, ఆ తలుపు మన చేతుల్లో ఉంది.